అనాబ్ షాహీ కొమ్మ ఆత్మకథ

ద్రాక్ష కొమ్మకు ‘నేను’ అన్న మాట అంతగా కుదరదు. గింజ మొక్కకు పుట్టినరోజు ఉంటుంది, కొమ్మ నాటితే వచ్చినదానికి ఉండదు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాద్‌కు తెచ్చిన అనాబ్ షాహీ ద్రాక్షే కత్తిరింపు మీద కత్తిరింపుగా ఇంకా బతుకుతోంది. అందుకే ఈ ఆత్మకథలో ఉన్నది ‘ఈ తీగ’ మాత్రమే.

నగరం చుట్టూ ద్రాక్ష పందిళ్లున్న రోజుల్లో ఈ తీగ గుత్తులు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ల నడుమ కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో దిగేవి. పందిళ్లు ప్లాట్లయ్యాయి. మార్కెట్ కూడా బాటసింగారానికి తరలిపోయింది.

కొత్త తోటకు కొమ్మ తయారుచేయడం తేలికే. అక్టోబరు కత్తిరింపులో పెన్సిలంత లావున్న ముదురు కొమ్మ తీసి, నాలుగు కణుపులుంచి, అడుగున కణుపు కిందుగా కోసి సంచిలో గుచ్చితే వేరు పడుతుంది. చిక్కంతా ఆ తేలికలోనే ఉంది. తల్లి తీగలోని వైరస్ కూడా కొమ్మతోపాటే వస్తుంది. పక్క తోటలో ఉచితంగా దొరికిన కొమ్మ చాలాసార్లు ఖరీదైనదే. ఆకుముడత వైరస్ సోకితే ఎర్ర ద్రాక్ష ఆకు ఈనెలు పచ్చగానే ఉండి మధ్యభాగం ఎర్రబారుతుంది. అనాబ్ షాహీ వంటి తెల్ల రకాల్లో ఆకు కాస్త పాలిపోయి అంచులు కిందికి ముడుచుకుంటాయంతే. ఎరువు చాలలేదేమోనని రైతు అనుకుంటాడు. ఈలోగా పిండినల్లి ఆ వైరస్‌ను పక్క తీగకు మోస్తుంది. తోటలో కొట్టే ఏ మందూ సోకిన వైరస్‌ను పోగొట్టలేదు.

విరుగుడు ప్రయోగశాలలో ఉంది. తీగను కొన్ని వారాలు 38 డిగ్రీల వేడిలో పెంచి, చిగురు కొస నుంచి అర మిల్లీమీటరు ముక్క కోసి గాజు సీసాలో పెంచుతారు. అంత కొసకు రసనాళాలు ఇంకా అందవు కాబట్టి వైరస్ చాలావరకు చేరదు. అయినా నమ్మడానికి లేదు. ఎలీసా, పీసీఆర్ పరీక్షలు మళ్లీ మళ్లీ చేసి, నెగ్గిన మొక్కనే తల్లిగా ఉంచుతారు. ఆ తల్లి కొమ్మను పరీక్షించిన డాగ్‌రిడ్జ్ వేరుమొక్కకే అంటు కట్టాలి. వేరుమొక్కలో వైరస్ ఉంటే పడిన శ్రమంతా వృథా.

ఇలాంటి వైరస్ లేని మొక్కల కోసమే 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన రూ.1,765.67 కోట్ల క్లీన్ ప్లాంట్ కార్యక్రమంలో ద్రాక్ష కేంద్రం పుణేకు దక్కింది. ఈ తీగ కొమ్మ కొనే రైతు తల్లి మొక్క పరీక్ష కాగితం అడగాలి. చూపించకపోతే ఆ మొక్క తీసుకోవద్దు.