డాక్టరు కావలెను

వధువు కావలెను, వరుడు కావలెను అన్న ప్రకటనలు చదివి పెరిగిన జాతి మనది. గోత్రం, నక్షత్రం, ఎత్తు, జీతం, గ్రీన్‌కార్డు ఉన్నదీ లేనిదీ రెండంగుళాల జాగాలో ఇరికించడం మనకు వెన్నతో పెట్టిన విద్య. అలాంటి మనం కూడా నోరెళ్లబెట్టే ప్రకటన ఒకటి 2022లో కెనడా పడమటి కొసన విక్టోరియా పత్రికలో పడింది. ఇచ్చింది ఒక పెద్దావిడ. కావలసింది అల్లుడు కాదు, డాక్టరు. భర్త వాడే మందులు అయిపోవస్తున్నాయి, చీటీ తిరగరాసే నాథుడు లేడు, ఎవరైనా పుణ్యం కట్టుకోండని డబ్బు కట్టి మరీ వేయించింది.

ఇదేదో వైద్యానికి డబ్బుల్లేని దేశం కథ అనుకునేరు. ఇక్కడ వైద్యం ఉచితం. నిజంగానే ఉచితం. జేబులో ఆరోగ్యకార్డు ఉంటే గుండె కోసి కుట్టినా బిల్లు రాదు. 1962లో సస్కాచెవాన్ రాష్ట్రం ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. అయినా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. దానికి పునాది వేసిన టామీ డగ్లస్‌ను 2004లో టీవీ ప్రేక్షకులు ఓట్లేసి అందరికంటే గొప్ప కెనడియన్‌గా ఎన్నుకున్నారు. దేశమంతటికీ వర్తించే 1984 నాటి ఆరోగ్య చట్టంలో ఐదు సూత్రాలున్నాయి. అందులో ఒకటి, వైద్యం అందుబాటులో ఉండాలన్నది. చట్టం అందుబాటులోనే ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. డాక్టరే లేడు.

మన దగ్గరలాగా కడుపులో మంట అనగానే గ్యాస్ట్రో స్పెషలిస్టు దగ్గరికి, తల తిరిగితే న్యూరో దగ్గరికి నేరుగా పరిగెత్తడం ఇక్కడ కుదరదు. ఫ్యామిలీ డాక్టరు చూసి, అవసరమనుకుంటే రాసి పంపాలి. పద్ధతి మంచిదే. అనవసరపు స్కానులు తగ్గుతాయి, మనిషి చరిత్ర తెలిసినవాడు ఒకడుంటాడు. కాకపోతే ఆ ఒక్కడూ లేనివాళ్లు, 2022 నాటి అవర్‌కేర్ సర్వే లెక్కన, పెద్దవాళ్లలోనే 60 లక్షలకు పైమాట. మా ఒంటారియోలో 25 లక్షలని 2024లో ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ల సంస్థే చెప్పింది.

మిగిలింది అపాయింట్‌మెంటు లేకుండా వెళ్లి కూర్చునే వాకిన్ క్లినిక్. కిందటి చలికాలంలో దగ్గూ మోకాలి నొప్పీ కలిసి వస్తే అలాంటి ఒకదానికి వెళ్లాను. సూపర్ వీసా మీద తెనాలి నుంచి వచ్చిన మా మామగారు కూడా తోడొచ్చారు. కౌంటరు అద్దానికి ఒక కాగితం అతికించి ఉంది: ఒక్క రాకకు ఒక్క సమస్యే. నాలుగు మూలలా టేపు వేసి, ‘ఒక్క’ అన్నమాట కింద ఎర్రగీత కూడా గీశారు. మామగారు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

“అల్లుడుగారూ, మరి మీరు ఏది చెబుతారు, దగ్గా, మోకాలా?”

“దగ్గే, మామయ్యగారూ. మోకాలికి మళ్లీ వస్తాను.”

“మోకాలితోనే కదండీ మళ్లీ రావాలి!” అని కాసేపాగి, “మా ఊళ్లో ఒక్క సమస్యతో వెళితే డాక్టరుగారే ఇంకో నాలుగు కనిపెట్టి పంపిస్తారు,” అన్నారు. అది పొగడ్తో తెగడ్తో నాకిప్పటికీ అంతుబట్టలేదు.

డాక్టరు కోసం ప్రభుత్వమే పేర్లు నమోదు చేసుకుంటుంది. ఒక్కో రాష్ట్రంలో ఆ జాబితాకు ఒక్కో పేరు. పనితీరు మాత్రం అచ్చం మన పెళ్లిళ్ల పేరయ్యదే. బయోడేటా తీసుకుంటాడు, మంచి సంబంధం వస్తే చెబుతానంటాడు, ఆ తర్వాత కనపడడు. నోవాస్కోషియా రాష్ట్రంలో అలా పేరిచ్చి కూర్చున్నవాళ్లు 2024లో లక్షన్నర దాటారు. ఎప్పటికో అదృష్టం పండి కబురొస్తే ముందు పరిచయ సమావేశం అంటారు. అంటే పెళ్లిచూపులే. జబ్బులు చూసి రోగుల్ని ఏరుకోకూడదని, ముందొచ్చినవాళ్లకే ముందు చోటివ్వాలని వైద్యమండలి నియమం. అయినా మనవాళ్ల జాగ్రత్తలో మనవాళ్లుంటారు. షుగరు, బీపీ, నడుం నొప్పి, ఆపరేషన్ల చరిత్ర అన్నీ మొదటి చూపుల్లోనే బయటపెడితే సంబంధం తప్పిపోతుందేమోనని బెంగ. ఇస్త్రీ చొక్కా వేసుకుని, దగ్గు ఆపుకుని, నవ్వుతూ కూర్చుంటారు. ఆరోగ్యంగా కనబడితేనే డాక్టరు దొరుకుతాడన్న నమ్మకం పుట్టిన చోటు ఇదొక్కటేనేమో.

కుదిరాక కాపురం కూడా తేలిక కాదు. చేర్పు పత్రం మీద సంతకం చేశాక జ్వరమొచ్చి ఇంకో క్లినిక్‌కి వెళ్లామా, కొన్ని పద్ధతుల్లో మన డాక్టరుకు రావలసిన బోనసు కోసేస్తారు. అప్పుడు ఇంటికి ఉత్తరం వస్తుంది. మీరు బయట చూపించుకుంటున్నట్టు మా దృష్టికి వచ్చింది, ఇలాగే కొనసాగితే మన సంబంధం గురించి ఆలోచించుకోవలసి ఉంటుంది అని. నెలలో మూడువారాల దాకా అపాయింట్‌మెంటు ఇవ్వనిది తనే అయినా శీలపరీక్ష మాత్రం మనకి.

చిన్న ఊళ్లది ఇంకో అవస్థ. అక్కడ మగపెళ్లివారు డాక్టర్లు. ఊరి పెద్దలు, రిటైరైన టీచర్లు, దుకాణదారులు కలిసి కమిటీ వేసుకుంటారు. అందరూ జీతంబత్తెం లేని వాలంటీర్లే. ఎవరైనా కుర్ర డాక్టరు చూసిపోతానంటే చెరువు చూపిస్తారు, హాకీ మైదానం చూపిస్తారు, ఇంట్లో చేసిన ఆపిల్ పై తినిపిస్తారు. డాక్టరుగారికి ఊరు నచ్చినా వారి భార్యకు ఉద్యోగం దొరుకుతుందా, పిల్లల బడి బాగుంటుందా అని ఆరా తీసి సర్దిపెడతారు. ఇంత చేశాక “ఇంటికెళ్లి ఆలోచించుకుని చెబుతాం” అంటే చచ్చినట్టు నవ్వుతారు. విక్టోరియా పక్కనున్న కోల్‌వుడ్ పట్టణం ఈ మర్యాదలన్నీ పడలేక డాక్టర్లను ఏకంగా మున్సిపాలిటీ ఉద్యోగులుగా పెట్టుకుంది. రోడ్లు, పార్కులు, చెత్తబండి, డాక్టరు. నాకు మాత్రం ఇందులో నవ్వవలసిందేమీ కనిపించలేదు. ఈ వ్యవహారం మొత్తంలో తెలివైన పని అదొక్కటే.

2025 జనవరి 15న ఒంటారియోలోని వాకర్టన్‌లో జరిగింది చూస్తే ఆ కమిటీల వాళ్ల ఆరాటం అర్థమవుతుంది. ఊరికి కొత్త డాక్టరు వస్తున్నాడు, మాజీ సైనికుల భవనంలో మొదట వచ్చిన 500 మందిని చేర్చుకుంటాం అన్నారు. కురుస్తున్న మంచులో, తెల్లవారకముందే లైను మొదలైంది. వెయ్యిమందికి పైగా వచ్చారు. జ్వరమో నొప్పో చూపించుకోవడానికి కాదు, ఎప్పుడైనా జ్వరమొస్తే చూపించుకునే హక్కు కోసం. 501వ మనిషిని ఏమని పంపించారో నాకు తెలియదు కానీ ఆ చలిలో అంతసేపు నిలబడగలిగాడంటే అతనికి డాక్టరు అవసరం లేదని ఏ అధికారో తేల్చేసి ఉంటాడు. మామగారు ఆ వీడియో చూసి, “మన ఆంధ్ర ప్రభుత్వం 2023లో ఫ్యామిలీ డాక్టరని పెట్టి, 104 బండి వెంట నెలకు రెండుసార్లు డాక్టరే ఊరికి వస్తాడంది. ఇక్కడ ఊరే డాక్టరు దగ్గరికి వచ్చిందన్నమాట,” అన్నారు. మన బండి ఏ ఊరికి ఎన్నిసార్లు వచ్చిందన్న చర్చలోకి ఆయనా దిగలేదు, నేనూ దిగదీయలేదు.

వాకర్టన్ లైను జనవరి 15న. 180 కోట్ల డాలర్లతో 2029 నాటికి అందరికీ ఫ్యామిలీ డాక్టరునో ప్రాథమిక వైద్య బృందాన్నో ఇస్తామని ఒంటారియో ప్రభుత్వం ప్రకటించింది జనవరి 27న. ఎన్నికలకు తెర తీసింది 28న. ఇంత చురుకైన వైద్యం నేనెక్కడా చూడలేదు.

ఆ ప్రణాళిక వెనకున్న జేన్ ఫిల్‌పాట్ కేంద్రంలో ఆరోగ్య మంత్రిగా చేసినావిడ, స్వయంగా ఫ్యామిలీ డాక్టరు. ఆవిడ చెప్పేది సూటిగా ఉంటుంది. ఇల్లు మారితే పిల్లలకు ఆ వీధి బడిలో సీటు హక్కుగా ఇస్తున్నాం, డాక్టరును కూడా అలాగే ఎందుకివ్వకూడదు? ఈ మాట ముందు గట్టిగా అన్నది మాత్రం మంత్రులు కాదు. బ్రిటిష్ కొలంబియాలో కమీల్ కరీ అనే ఇద్దరు పిల్లల తల్లి, తమ డాక్టరు వెళ్లిపోయాక, బీసీ హెల్త్ కేర్ మ్యాటర్స్ అని ఒక బృందం కట్టింది. 2022 మే నెలలో విక్టోరియా శాసనసభ ముందు గడ్డిమీద డాక్టర్లు, రోగులు కలిసి నిలబడ్డారు. అప్పట్లో అక్కడ జలుబు చూసినా, క్యాన్సరేమోనని గంటసేపు మాట్లాడినా డాక్టరుకిచ్చేది 30 చిల్లర డాలర్లే. క్లినిక్ అద్దె, నర్సు జీతం అందులోంచే. సాయంత్రం ఫారాలు నింపుకునే పని ఉచితం. కొత్తగా చదివినవాళ్లు ఆ వైపే చూడకపోవడంలో ఆశ్చర్యమేముంది? 2023 ఫిబ్రవరి నుంచి రాష్ట్రం జీతభత్యాల పద్ధతి మార్చింది, వేలమంది డాక్టర్లు అందులో చేరారు. గడ్డిమీద నిలబడితే ఏమొస్తుందని అడిగేవాళ్లకు ఇది జవాబు.

మా పేటలోనూ శనివారం సంతలో ఒక మడతబల్ల పడుతుంది. ఫ్లాస్కు, రెండు పెన్నులు, అందరికీ డాక్టరు కావాలన్న అర్జీ కాగితాల మీద గాలికెగరకుండా ఒక గుమ్మడికాయ. వెనక కూర్చునేవాళ్లకు తలా అరవై డెబ్బై ఏళ్లు. అందులో సగంమందికి డాక్టరు లేడు. సంతకాలు సేకరిస్తూనే వచ్చినవాళ్ల మందుల డబ్బాలు చూసి ఏది ఏ ఫార్మసీలో పొడిగించి ఇస్తారో చెబుతుంటారు. మంత్రిత్వ శాఖ చేయవలసిన పని, పెన్షన్ డబ్బుతో కొన్న కాఫీ తాగుతూ వీళ్లు చేస్తున్నారు. వీళ్లను వాలంటీర్ల దినోత్సవం నాడు ప్రభుత్వం సన్మానిస్తుంది. శాలువాలు కప్పినంత తేలిగ్గా డాక్టర్లను ఇవ్వగలిగితే బాగుండును.

మన తెలుగువాళ్లు మాత్రం ఆ బల్ల దగ్గర అరుదు. మనకు వేరే ఏర్పాట్లున్నాయి. సూట్‌కేసులో డోలో, పాన్‌-డీ, రాత్రి పదిన్నరకు వాట్సాప్‌లో గుంటూరు మేనమామ. అదీ కాకపోతే సంక్రాంతి సంబరాలు. మొన్న పులిహోర గిన్నె పక్కన ఒకావిడ చుట్టూ పదిమంది మూగారు. ఆవిడ ఆంధ్రాలో ఎంబీబీఎస్ చదివి పదేళ్లు ప్రాక్టీసు చేసింది. ఇక్కడి పరీక్షలు పాసై, రెసిడెన్సీ సీటు కోసం ఎదురుచూస్తూ గోదాములో రాత్రి షిఫ్టు చేస్తోంది. ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో ఎవరిదో షుగర్ రిపోర్టు. “మేడమ్, ఇది కొంచెం ఎక్కువేనంటారా?” అని ఒకాయన. ఆవిడ చూసి చెప్పగలదు. రాసివ్వలేదు. రాసిస్తే నేరం. వెయ్యిమంది మంచులో డాక్టరు కోసం నిలబడే దేశంలో డాక్టరు పెట్టెలకు టేపు వేస్తోంది, ఆ సంగతి ఆ అర్జీలో రెండో అంశంగా ఉంది.

కాబట్టి ఈ శనివారం సంతకు కొత్తిమీర కోసం ఎలాగూ వెళతారు, ఆ బల్ల దగ్గర రెండు నిమిషాలు ఆగండి. పౌరసత్వం ఇంకా రాలేదని వెనకాడకండి, ఒంటారియోలో నివాసముంటే చాలు. పేరుతో పాటు చిరునామా కూడా పూర్తిగా రాయండి, చిరునామా లేని సంతకం శాసనసభలో చెల్లదు.