పన్నెండు దాకా మూత

జనవరిలో మూడు రోజుల ఢిల్లీ. రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తారు కనుక నాన్నగారు అలారం పెట్టుకుని మరీ బుక్ చేశారు. సోమవారం ఎర్రకోట మూత, శుక్రవారం తాజ్‌మహల్ మూత అని కాగితం మీద రాసుకున్నారు. పదహారేళ్ల పుత్రరత్నం రోజూ మధ్యాహ్నం పన్నెండు దాకా మూత అన్న సంగతే రాసుకోలేదు!

72.5 మీటర్ల కుతుబ్‌మినార్ పొగమంచులో కనబడలేదని ఆయన దిగులు. ‘ఫోన్‌లో బాగానే కనిపిస్తోంది కదా నాన్నా!’ అని దుప్పట్లోంచి ఓదార్పు. స్వెట్టర్ వేస్తే ఫొటోలు పాడవుతాయట. అమ్మ మంకీ క్యాప్ పెడితే మాత్రం అబ్బాయి పదడుగులు ఎడంగా నడుస్తాడు, ఎవరి తాలూకో తెలియనట్టు.

ఇంతకీ వాడు మెచ్చిన కట్టడం రాజీవ్ చౌక్ మెట్రో స్టేషన్. నేల కింద చలి లేదు, పైగా సిగ్నల్ ఉందట!