కుట్టు మిషను సొరుగులో టేపు

మొన్న మా వీధి కుర్రాడొకడు చేతికి కొత్త వాచీ పెట్టుకొచ్చి, "తాతగారూ, ఇది సూది లేకుండానే షుగర్ చెప్పేస్తుంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. 34 ఏళ్లు తాలూకా ఆసుపత్రి ల్యాబులో పనిచేసినవాణ్ణి. చర్మానికి గుచ్చకుండా దానంతటదే రక్తంలో చక్కెర కొలిచే వాచీకి గానీ, ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అలాంటి అంకెను నమ్మి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాటే వాడికి గట్టిగా చెప్పాను.

మా రోజుల్లో షుగర్ పరీక్షంటే బెనెడిక్ట్ ద్రావణమే. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీలి ద్రావణం, అందులో 8 చుక్కల మూత్రం, కింద స్పిరిట్ దీపం. మరిగాక నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఉంటే ఆకుపచ్చ, పసుపు, నారింజ, మరీ ఎక్కువైతే ఇటుక రంగు. రక్తంలో చక్కెర 180 దాటితే గానీ మూత్రంలోకి దిగదు కాబట్టి జబ్బు ముదిరాకే మాకు రంగు కనిపించేది. ఆ లోటు తెలిసే మా డాక్టరుగారు మనిషిని పరీక్షగా చూసేవారు. చొక్కా విప్పించి మెడ వెనక, చంకల్లో చూసేవారు. ఎదురు దుకాణం దర్జీ దగ్గర్నుంచి టేపు తెప్పించి పొట్ట కొలిచేవారు. "ఇతనిలో ఇన్సులిన్ లేక కాదయ్యా, ఉన్నదాని మాట ఒళ్లు వినడం లేదు" అనేవారు.

ఆ మాట వినకపోవడాన్నే ఇన్సులిన్ నిరోధకత అంటున్నారు. చక్కెరను లోపలికి తీసుకోమని ఇన్సులిన్ చెప్పినా కండరాలు సరిగా తీసుకోవు, ఇక చాలు ఆపమన్నా కాలేయం చక్కెర వదులుతూనే ఉంటుంది. షుగర్ రోగులలో ఇన్సులిన్‌కు లొంగేవారు, లొంగనివారు అని రెండు రకాలున్నారని లండన్ వైద్యుడు హిమ్స్‌వర్త్ 1936లోనే తేల్చాడు. దాన్ని కచ్చితంగా కొలిచే క్లాంప్ పద్ధతిని డిఫ్రాంజో బృందం 1979లో వివరించింది. ఒక చేతిలోకి ఇన్సులిన్, గ్లూకోజు ఎక్కిస్తూ, రెండో చేతినుంచి కొద్ది నిమిషాలకోసారి రక్తం తీస్తూ రెండు మూడు గంటలు పడుకోబెట్టాలి. అది పరిశోధనకే గానీ ఊరి ఆసుపత్రికి కుదిరే పని కాదు. 1985లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు హోమా లెక్క తెచ్చారు. పరగడుపు చక్కెరను పరగడుపు ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించడమే. మంచి లెక్కే. కానీ ఇన్సులిన్ ఇంజెక్షన్లు వేసుకునేవారికి అది పొసగదు. వేసుకున్న మందు కూడా ఆ అంకెలో కలిసిపోతుంది.

ఇంజెక్షన్ వేసుకుంటున్నావా అన్న ఇంత చిన్న సంగతి ఇప్పుడు అడిగేవాడే లేడు. ఇరవై ఏళ్లుగా ఇంజెక్షన్ మీదున్న మా తమ్ముడికి పట్నంలో ఓ ల్యాబు ఈ హోమా లెక్కను ప్యాకేజీలో కలిపి అంటగట్టింది. ఆ అంకె చూసి వాడు రెండు రాత్రులు నిద్రపోలేదు. రోజుకు ఎన్ని యూనిట్లు పడుతోందని ఒక్క ప్రశ్న వేస్తే పోయేది. కిలో బరువుకు రోజుకు ఒక యూనిట్ దాటిందంటే నిరోధకత గట్టిగా ఉందని అనుమానించాలి. దానికి సూదీ అక్కర్లేదు, ప్యాకేజీ అక్కర్లేదు. టైప్ 1 వారికైతే నడుము కొలత, బీపీ ఉందా లేదా, ఎలాగూ చేయించుకునే మూడు నెలల సగటు చక్కెర పరీక్ష హెచ్‌బీఏ1సీ, ఈ మూడింటితో ఒళ్లు ఇన్సులిన్‌కు ఎంత స్పందిస్తోందో అంచనా వేసే లెక్క ఉంది. నిరోధకతకు తోడుగా కాలేయంలో కొవ్వు చేరిందా లేదా స్కానింగులో తెలుస్తుంది, అదీ గుచ్చకుండానే.

అన్నిటికన్నా చౌక టేపు. నిటారుగా నిలబడి, ఊపిరి వదిలి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన కొలవాలి. బొజ్జ కిందికి జారిపోయిన మొలతాడు దగ్గర కొలిస్తే అది అబద్ధం చెబుతుంది. మన దేశపు మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. ఎవరికైనా నడుము ఎత్తులో సగం మించకూడదు. "నేను సన్నగానే ఉన్నాగా" అనేవారు పుణె వైద్యుడు యాజ్ఞిక్ సంగతి తెలుసుకోవాలి. ఆయనా, లండన్ వైద్యుడు యుడ్కిన్ కలిసి తమ ఒళ్లే కొలిపించుకుని 2004లో లాన్సెట్‌లో ప్రకటించారు. ఎత్తును బట్టి బరువును లెక్కగట్టే బీఎంఐ ఇద్దరికీ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మనవాడి ఒంట్లో 21.2 శాతం. మన కొవ్వు తూకానికి దొరకదు, కడుపులో దాక్కుంటుంది.

ఇక మెడ. మా మనవరాలి మెడ వెనక నల్లగా, ముఖమల్ గుడ్డలా మందంగా ఉంటే మట్టి పేరుకుందని ఇంట్లోవాళ్లు ఏడాదిపాటు సున్నిపిండితో రుద్దారు. చర్మం ఎర్రబడి ఆ పిల్ల ఏడ్చేది. ఆ తర్వాత తెల్లబడే క్రీములు కొన్నారు. అది మట్టి కాదు. రక్తంలో ఇన్సులిన్ పెరిగిపోతే చర్మం అలా మారుతుంది. వేరే కారణాలూ ఉండొచ్చు గనుక డాక్టరుకు చూపించాలి. నేను పట్టుబట్టి చూపించేసరికి షుగర్ గడప దాకా వచ్చేసింది. ఏడాది ముందే ఎవరైనా ఆ మెడను చూడాల్సిన కళ్లతో చూసి ఉంటే!

నేటి పరీక్షలను నేను కాదనను. ఇంట్లో గ్లూకోమీటరు, హెచ్‌బీఏ1సీ మా రోజుల్లో ఉండుంటే ఎన్నో కాళ్లు, కళ్లు దక్కేవి. నా బాధల్లా మనిషిని చూడటం మానేశారనే. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, ఇంట్లో ఉన్న టేపును వదిలేసి వాచీల వెంట పడుతున్నారు. టేపు చెప్పేదీ అంచనాయే, నిజమే. కానీ రోజూ నడిచి, అన్నం కాస్త తగ్గించి, ఆర్నెల్లకు ఆ టేపు మీద నాలుగు సెంటీమీటర్లు తగ్గించుకున్నవాడి ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మొదలుపెడుతుంది.

ఈ ఆదివారం కుట్టు మిషను సొరుగులోంచి టేపు తీయండి. ఇంట్లో పెద్దవాళ్లందరి నడుమూ కొలిచి క్యాలెండరు మీద తేదీతో రాయండి. పిల్లల జడ పక్కకు తీసి మెడ చూడండి. మగవారికి 90, ఆడవారికి 80 దాటితే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.