నాడి చూశాకే మాత్ర

మా రోజుల్లో గుండెజబ్బుకు డిగాక్సిన్ మాత్ర ఇచ్చే ముందు సిస్టరు రోగి మణికట్టు పట్టుకునేది. నాడి నిమిషానికి 60 కంటే తక్కువుంటే ఆ పూట మాత్ర లేదు. ఎందుకివ్వలేదో కేసు షీటులో రాసిపెట్టేది. ఇప్పుడు వేలికి ఓ క్లిప్పు తగిలించి, వెలిగే అంకె చూసి అయిపోయిందంటున్నారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంది, ప్రతి దెబ్బా చేతిదాకా రాదు. అందుకే ఒకరు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, ఇంకొకరు నాడి పట్టుకుని, నిండు నిమిషం లెక్కపెట్టేవాళ్లం. గుండె దగ్గర 130, చేతి దగ్గర 100 ఉంటే ఆ తేడా రోజురోజుకీ తగ్గుతోందా అన్నదే మా పరీక్ష. మొన్న ఓ హౌస్ సర్జన్ని తేడా ఎంతయ్యా అంటే, "మానిటర్లో ఒక్క అంకే వస్తుంది సార్" అన్నాడు. ఏం చెప్పను?

ఈ మందుతో జాగ్రత్త మేం కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో ఫాక్స్‌గ్లోవ్ అనే పూలమొక్క ఆకుతో ఒంటికి నీరుపట్టినవాళ్లకు వైద్యం చేసిన విలియం విదరింగ్, 1785లోనే పుస్తకం రాసి హెచ్చరించాడు. మూత్రం, కడుపు, నాడి, విరేచనం, వీటిలో దేనిమీద ప్రభావం కనపడినా మందు ఆపమన్నాడు. రక్తపరీక్ష లేని కాలం, ఉన్నవల్లా కళ్లూ చేతులే! డిగాక్సిన్‌ని విడిగా తీసింది 1930లో, అదే జాతికి చెందిన ఇంకో మొక్క నుంచి.

మా వార్డుల్లో కీళ్లవాతంతో గుండె కవాటాలు పాడైన పడుచువాళ్లే ఎక్కువ. ఆయాసంతో పడుకోలేక, దిండ్లకు ఆనుకుని రాత్రంతా కూర్చునేవాళ్లు. వాళ్లకు డిగాక్సిన్ అనే ఈ చవకమాత్ర, దానికి తోడు మూత్రం వచ్చే లాసిక్స్. రౌండ్సులో మొదటి ప్రశ్న "అన్నం తిన్నావా అమ్మా?" అని. అది మర్యాదకు అడిగేది కాదు. ఆకలి చావడం, వికారం డిగాక్సిన్ ఎక్కువైందనడానికి తొలి గుర్తులు. వస్తువులు పచ్చగా కనిపిస్తున్నాయంటే ఇక పరిగెత్తాల్సిందే. లాసిక్స్‌తో పొటాషియం పడిపోతే మామూలు మోతాదే విషమవుతుందని కొబ్బరినీళ్లు తాగమనేవాళ్లం. ఇప్పటి మందుల్లో కొన్ని పొటాషియాన్ని పెంచుతాయి, అవి వాడేవాడికి అదే సలహా ప్రమాదం. ఇది చీటీ రాసినాయన చెప్పాలి. చెప్పే తీరికెక్కడిది!

డిగాక్సిన్ వారానికి అయిదు రోజులు వేసుకుని శని, ఆదివారాలు మానమని రాసేవాళ్లం. కుర్రాళ్లు నవ్వుతారు, మాత్రకీ ఆఫీసు సెలవులా అని. ఈ మందు ఒంట్లోంచి సగం పోవడానికే ఒకటిన్నర రోజు పడుతుంది, మూత్రపిండాలు మందగిస్తే ఇంకా ఎక్కువ. సెలవంటే మోతాదు తగ్గించే మోటు పద్ధతేనని మాకూ తెలుసు.

కొత్తమందులు ఆయుష్షు పెంచుతున్నాయి, కాదనను. 6,800 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 1997లో వచ్చాయి. గుండె వైఫల్యంలో డిగాక్సిన్ ఆసుపత్రి పాలవడాన్ని తగ్గించింది గానీ చావులను తగ్గించలేదు. దాన్ని వెనక వరసలో కూర్చోబెట్టడం న్యాయమే. నా ఏడుపు అది కాదు. దానితో పాటు రోగిని పలకరించడం, చెయ్యి పట్టుకోవడం కూడా వెనక్కి పోయాయి. ఆ మాత్ర ఇంకా వాడుతున్నవాళ్లు మాత్రం ఉన్నారు. గొంతునొప్పి అని మందుల షాపులో క్లారిత్రోమైసిన్ అడిగితే చేతిలో పెట్టేస్తాడు, అది డిగాక్సిన్‌ని ఒంట్లో పెంచేస్తుందని ఎవరు చెబుతారు?

ఇంకో తెగులు, చెట్టుమందు కదా, హాని ఉండదనడం. మన దొడ్లో పచ్చగన్నేరు కాయల్లో ఉన్నదీ ఈ కుటుంబపు విషమే. గింజలు నమిలి గుండె ఆగేస్థితిలో వచ్చినవాళ్లను మన జిల్లాల్లో ఏ డాక్టరైనా చూసే ఉంటాడు. గొర్రెల రక్తం నుంచి తీసే విరుగుడు రెంటికీ పనిచేస్తుంది, మన ఊళ్లలో అది దొరకడమే గగనం.

మీ ఇంట్లో పెద్దవాళ్లు డిగాక్సిన్ వాడుతుంటే మూత్రపిండాల పరీక్ష, పొటాషియం పరీక్ష ఎప్పుడు చేయించారో అడగండి. అన్నం సహించట్లేదంటే వయసు మీద తోసేయకుండా అదేరోజు డాక్టరుకు చూపించండి. ఆయన నాడి పట్టుకోకపోతే, చెయ్యి మీరే చాచండి.