ఈగ కాని ఈగకు టీకా తాత్పర్యం

అవతారిక

పెన్సిల్వేనియాలో జనవరి. సస్క్వెహన్నా నది అంచులు గడ్డకట్టాయి. చేపలు లోతు మడుగుల్లో కదలకుండా పడి ఉన్నాయి. గాలం మరిగినవాడికి ఈ రోజుల్లో మిగిలే పని ఒక్కటే. భోజనాల బల్ల కొసకు చిన్న వైసు బిగించి, వచ్చే వేసవికి కావలసిన ‘ఫ్లై’లు, అంటే ఈకలతో దారంతో చేసే దొంగ ఎరలు, కట్టుకోవాలి. అలా చేతులకు తీరిక లేక, నోటికి తీరిక ఎక్కువైన ఒక సాయంత్రం ఈ పద్యం పుట్టింది. కవి కాలాదులు తెలియరావడం లేదని రాయడం వ్యాఖ్యాతల మర్యాద. ఇక్కడ అది కుదరదు. కవీ వ్యాఖ్యాతా ఒకే కుర్చీలో కూర్చున్నారు. అయినా కవిని ‘వారు’ అనే అంటాను.

మూలం

తోక మెత్తనైన తూలికఁ గట్టుము
మేని కొఱకు నూలి మెలికఁ జుట్టి
కంటి చెంత నింత ఖాళి విడువుమయ్య
యీఁక తిప్పి ముడిని నెలమి వేయు

ప్రతిపదార్థం

తోక = కొక్కెపు కాడ ముగిసి వంపు మొదలగు చోట వ్రేలాడవలసినదిగా; మెత్తనైన = నీట మునిగిన పిమ్మట తనంత తాను అల్లాడునట్టి; తూలికన్ = మారబూ అను ఈకను; కట్టుము = దారముతో బిగింపుము; మేని కొఱకు = ఒడలు ఏర్పడుటకై; నూలి మెలికన్ = షెనీల్ అను నూగు దారమును; చుట్టి = కాడ పొడవునను చుట్టి; కంటి చెంతన్ = కొక్కెపు కన్ను దాపున; ఇంత = (వివాదాస్పదము, చూ. విశేషాలు); ఖాళి = ఖాళీని; విడువుము అయ్య = వదలుము నాయనా; ఈఁక = కోడిపుంజు ఈకను; తిప్పి = ఒడలి చుట్టును ఎడముగా త్రిప్పి; ముడిని = కడపటి ముడిని; ఎలమిన్ = సంతోషముతో; వేయు = వేయుము.

తాత్పర్యం

ఊలీ బగ్గర్ కట్టే విధానమిది. ఈ నమూనాను పెన్సిల్వేనియా వాడే అయిన రస్సెల్ బ్లెస్సింగ్ 1967లో రూపొందించాడని ప్రసిద్ధి. తోక, ఒడలు, ఈక, ముడి. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. ఇంత తేలికైనది చెడగొట్టడానికి నాకు మూడు చలికాలాలు పట్టింది.

విశేషాలు

పద్యం మొత్తంలో ‘ఈగ’ అన్న మాట లేదు. అధ్యాహారం చేసుకుందామంటే మరో చిక్కు. ఇది ఈగ కాదు. ఈ జాతి కట్టుబళ్లను స్ట్రీమర్లంటారు. నీటిమీద తేలే దోమలాగానో తుమ్మెదలాగానో కాక, నీటి లోపల ఈదే పరిగెపిల్లలాగా, జలగలాగా కనబడటం వీటి పని. మరి ఫ్లై ఎందుకన్నారంటే, రూఢి. నూనె అంటే నువ్వుల నెయ్యి. అయినా మనం కొబ్బరినూనె అంటున్నాం, కిరోసిన్‌కు కిరసనాయిలని పేరుపెట్టి నూనెను రెండోసారి కలుపుతున్నాం, ఎవరికీ అభ్యంతరం లేదు. పరిగెను ఈగ అనడం అంతకంటే పెద్ద నేరమేమీ కాదు. పెద్ద చేప చిన్న చేపను మింగుతుందన్న నమ్మకం మీదే ఈ విద్య అంతా నడుస్తోంది కనుక, రాజనీతివాళ్లు ఉపమానంగా వాడుకునే మాత్స్యన్యాయానికి ఇక్కడ వాచ్యార్థమే చెప్పుకోవాలి.

తూలిక, ఈఁక: రెండూ ఈకలే కదా, పునరుక్తి దోషమని ఆక్షేపణ. కాదని సమాధానం. మొదటిది నూగు, రెండోది ముల్లు. మారబూ నిజానికి ఒక కొంగ పేరు. ఒకప్పుడు దాని నూగునే వాడారు. ఇప్పుడు అంగడిలో ఆ పేరుతో దొరికేది సీమకోడి ఈక. (మళ్లీ నూనె సంగతే.) పొడిగా ఉన్నప్పుడు అది చేతినిండా ఉంటుంది. తడిస్తే స్నానం చేయించిన పిల్లిలా చిక్కి సగమవుతుంది. అందుకే కట్టేముందు తడిపి చూసుకోవాలి. పాతకాపులు నోట్లో పెట్టి తడుపుతారు. ఎంగిలి పట్టింపున్న ఈ వ్యాఖ్యాత పక్కన గ్లాసుతో నీళ్లు పెట్టుకుని వేళ్లు ముంచుతాడు, ఆ తర్వాత పొరపాటున ఆ నీళ్లే తాగుతాడు. తోక పొడవు కాడ పొడవంత ఉంటే చాలు. మరీ పొడుగైతే చేప తోకను మాత్రం కొరికి వెళ్లిపోతుంది.

నూలి మెలిక: షెనీల్ అంటే ఫ్రెంచివాళ్ల భాషలో గొంగళిపురుగు. వాళ్లు పురుగును చూసి దారానికి పేరు పెట్టారు. మనం గొంగళిని చూసి పురుగుకు పెట్టాం. కవి వారికి ఈ సంగతి తెలియదనుకోను. తెలిసీ గొంగళి అనకపోవడం ఛందస్సు ఒప్పుకోకనే. దీని కింద సీసపు తీగ పది పన్నెండు చుట్లు వేస్తారు, అది మునగడానికి. కవి ఆ సీసాన్ని చెప్పలేదు. గూఢవ్యంగ్యం అనుకుందాం.

ఈఁక: ఒడలి వెంబడి ఐదారు చుట్లు, మధ్య ఎడం ఉండేలా. ఈక కాడ సన్నం, చేప పళ్లకు ఒక్క చోట తెగితే ఈక అంతా విడిపోతుంది. అందుకని దాని మీదుగా సన్నటి రాగితీగను ఎదురు దిశలో చుడతారు. కోడిపుంజుకూ గాలానికీ చుట్టరికం పాతది. క్రీస్తుశకం 200 ప్రాంతాల ఏలియన్ అనే రచయిత, మాసిడోనియా వాళ్లు కొక్కానికి ఎర్ర ఊలు చుట్టి పుంజు ఈకలు రెండు తగిలించి చేపలు పట్టేవారని రాశాడు.

మనవైపు ముచ్చట కూడా ఒకటుంది. మెయిన్ రాష్ట్రంలో అప్పర్ డ్యామ్ దగ్గర ఉండే క్యారీ స్టీవెన్స్ 1924 జూలై 1న ఇంటిపని మధ్యలో ఆపి, స్ట్రీమర్ ఒకటి కట్టి, దానితో 6 పౌండ్ల 13 ఔన్సుల బ్రూక్ ట్రౌట్‌ను పట్టింది. వైసు వాడకుండా, వట్టి వేళ్లతో కట్టేదావిడ. ఆవిడ పేరు నిలబెట్టిన గ్రే గోస్ట్ అనే స్ట్రీమర్‌కు చెంపల మీద లక్క పూసినట్టు మెరిసే చుక్కల ఈకలు రెండుంటాయి. అవి దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడి మెడవి. దాదాపు గోదావరి దాకా మన అడవుల్లో తిరిగే కోడి, మెయిన్‌లో ట్రౌట్‌ను మోసగించడానికి బయల్దేరిందన్నమాట. మన దేశం నుంచి ఆ ఈకల ఎగుమతి నిషిద్ధం. ఇప్పుడు వాడేవి విదేశాల్లో పెంచిన కోళ్లవి. ఒక జత ధర విన్న తర్వాత నేను ఊలీ బగ్గర్‌తోనే తృప్తి పడ్డాను.

కంటి చెంత: మనకు సూదికి బెజ్జం ఉంటుంది గాని కన్ను ఉండదు, ఇది ఆంగ్లచ్ఛాయ అని ఒక ఆక్షేపణ. ఉండవచ్చు. కాని ఇక్కడ శ్లేష ఉంది. ఇదే సస్క్వెహన్నా మీద స్మాల్‌మౌత్ బాస్ పట్టించే బాబ్ క్లౌజర్ 1987లో కొక్కెపు కంటి వెనకాలే, కాడ మీద, డంబెల్ ఆకారపు సీసపు కళ్లు కట్టాడు. బరువు పైన పడేసరికి కొక్కెం నీటిలో తలకిందులై మొన పైకి తిరుగుతుంది, అడుగున రాళ్లకు తగులుకోదు. కంటి దగ్గర కన్ను. ‘బెజ్జము’ అనుంటే ఈ అర్థం దక్కేదా? పైగా ఖాళితో యతి ఎవరు కలుపుతారు?

ఖాళి: ఖాళీ అనాలి. దీర్ఘానికి పాదంలో చోటున్నా కవి కుదించారు. చోటు వదలమని చెప్పే చోటే తామూ కాస్త చోటు వదిలారు. దీన్ని దోషమనేవాళ్లు అనుభవం లేనివాళ్లు.

ఇంత: అసలు పద్యం బతుకంతా ఈ మాటలో ఉంది. ఎంత? కంటి వెడల్పుకు రెండింతలని కొందరు, ఒకటిన్నర చాలని కొందరు. ఎంతైనా, కట్టేటప్పుడు అది ఉండదు. వెనకనుంచి ముందుకు వచ్చే ప్రతి వస్తువూ అక్కడే ఆగాలి. షెనీల్ కొసను బిగించడానికి నాలుగు చుట్లు, ఈకకు నాలుగు, రాగితీగకు నాలుగు, ‘ఎందుకైనా మంచిద’ని మరో నాలుగు. రైలుపెట్టె తలుపు దగ్గర నిలబడినవాళ్లలాగా అందరూ కన్ను మీదికి తోసుకొస్తారు. ముడి వేయడానికి స్థలం ఉండదు. కన్ను మీదే వేస్తాం. దాని మీద జిగురు చుక్క పెడతాం. జిగురు కంట్లోకి దిగి గట్టిపడుతుంది. ఈ సంగతి చలికాలంలో ఎవరికీ తెలియదు. జూన్ నెలలో, తెల్లవారుజామున, మోకాలిలోతు నీళ్లలో నిలబడి, దారం కొస పట్టుకుని దూరని కంట్లో దూర్చబోయినప్పుడు తెలుస్తుంది. నా మొదటి డజనులో తొమ్మిది ఇలా పుట్టుగుడ్డివే. అందుకే మొదటి దారం వేసేటప్పుడే కంటి వెనక కాస్త లోహం బోసిగా వదిలి, ఇల్లు కాలినా ఆ గీత దాటకూడదు.

పాఠాంతరం: ‘కంటి చెంత’ అన్నచోట మా ఇంట్లో ‘కంచమందు’ అన్న పాఠం వాడుకలో ఉంది. ‘కంచమందు నింత ఖాళి విడువుమయ్య.’ అంటే, ఈకలు పప్పులో పడకుండా చూడమని భావం. యతి చెడలేదు, గణాలు తప్పలేదు. ఈ పాఠం ప్రవేశపెట్టినవారితో వాదించే శక్తి నాకు లేదు.

ఎలమి: పాదపూరణమని కొట్టిపారేసేవాళ్లు ముడి వేసి ఎరగనివాళ్లు. ఇది మామూలు ముడి కాదు. దారం తన మీదే తాను ఐదారు చుట్లు పడుకుని, కొస ఆ చుట్ల కిందికి జారి మాయమయ్యే ముడి. వేసిన చోట ముడి ఉన్నట్టే కనబడదు. దాన్ని వేసే పద్ధతి చేయి తిప్పి చూపవలసిందే గాని, మాటల్లో చెప్పాలంటే మరో రెండు పుటలైనా కావాలి. ‘ఇంత’ దగ్గర చుట్లు ఎక్కువ తిప్పాను. ఇక్కడ చోటు లేదు.