దెబ్బ ఎండది, నింద చలిది

నేను కారు బ్యాటరీని. ఆదిలాబాద్‌లో ఒక పెట్రోలు కారు బానెట్ కింద బతికాను. నా పొట్టలో ఆరు గదులు, గదిగదికీ సీసం ప్లేట్లు, నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. నిండా ఛార్జయితే నా బలం 12.6 వోల్టులు. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేసిన బ్యాటరీ మా వంశానికి మూలం. 1912లో కాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టర్ వచ్చాక, హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకునే బాధ మనుషులకు తప్పింది. ఆ పని మా మీద పడింది. తాళం తిప్పగానే వందకు పైగా ఆంపియర్లు ఇచ్చి ఇంజన్‌ను కదిలించడం నాకెప్పుడూ గర్వమే.

చలికాలం పొద్దున ఆ పని కష్టం. చలికి నాలో రసాయన చర్య మందగించి, నేనివ్వగల కరెంటు తగ్గుతుంది. అటు ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, పెట్రోలు సరిగా ఆవిరి కాదు. నా శక్తి తగ్గిన వేళే ఇంజన్ ఎక్కువ శక్తి అడుగుతుంది.

అయినా, ఒళ్లు బాగున్న బ్యాటరీ మా ఊరి చలికి లొంగదు. నన్ను దెబ్బతీసింది మే నెల. బయటి ఎండను మించిన వేడి బానెట్ కింద. నీళ్లు ఇగిరి ప్లేట్ల అంచులు బయటపడ్డాయి. డిస్టిల్డ్ వాటర్ పోయడానికి ఎవరూ మూత తీయలేదు. టెర్మినళ్ల మీద తెల్లపొడి పేరుకుంది. సెలవుల్లో కారును కదపకుండా వదిలేస్తే, ఆ వేడికి ఛార్జి దానంతటదే దిగిపోయి, ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడింది.

ఆ దెబ్బలతోనే జనవరి దాకా నెట్టుకొచ్చాను. ఒక పొద్దున టక్‌టక్‌మనడం తప్ప ఇంజన్ కదల్లేదు.

"రాత్రి చలికి పోయినట్టుంది" అన్నాడు ఓనరు.

మెకానిక్ మూత తీసి చూశాడు. "చలికి కాదు సార్, ఎండాకాలంలనే పోయింది. నీళ్లెప్పుడన్న పోశిన్రా?"

నా బాధ అడిగినవాడు అతనొక్కడే.

ఇప్పుడు తుక్కు దుకాణంలో ఉన్నాను. పక్కనే నా తోటి బ్యాటరీని సుత్తితో పగలగొట్టి, ఆమ్లాన్ని మట్టిలో ఒంపేస్తున్నారు. అందులోని సీసం పసిపిల్లల ఒంట్లో చేరితే మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. ఇన్నాళ్లు మీకు సేవ చేసి, చివరికి మీ పిల్లలకు విషం కావాలా? అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రంలో కరిగిస్తే, నా సీసం దాదాపు అంతా ఇంకో బ్యాటరీకి పనికొస్తుంది.

నా చోట కొత్తది కూర్చుంది. మూతలున్న రకమైతే ఎండలు ముదరకముందే నీళ్లు చూడండి. ఏ రకమైనా, వానలు తగ్గుముఖం పట్టగానే ఛార్జి పరీక్ష చేయించండి. జనవరిలో అది మిమ్మల్ని నడిరోడ్డు మీద నిలబెట్టదు.