నాలుగో వైరాగ్యం

మన పెద్దలు వైరాగ్యాలు మూడని తేల్చారు. పురాణం విని లేచేటప్పుడు కలిగేది పురాణ వైరాగ్యం. పురిటినొప్పుల్లో కలిగేది ప్రసూతి వైరాగ్యం. కాటి నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేదాకా ఉండేది శ్మశాన వైరాగ్యం. మూడింటికీ ఉమ్మడి గుణం, ఏదీ మర్నాటిదాకా నిలవకపోవడం. ఈ లెక్క కట్టిన కాలానికి కంప్యూటర్ ఆటలు లేవు, సరే. కానీ నాలుగోది పుట్టి ఇన్నేళ్లయినా ఎవరూ లెక్కలోకి ఎక్కించకపోవడం పండితుల అలసత్వమే. 2006 ఎండాకాలంలో తార్నాకలో, ఒక మేడ మీది నెట్ సెంటర్లో, సాయంత్రం ఆరున్నరకు అది పుట్టింది. సాక్షిని నేను. పుట్టింది నాకే.

దానికి సీక్వెల్ వైరాగ్యం అని పేరు పెడుతున్నాను. లక్షణం ఇది: ఏళ్ల తరబడి ఆడిన యుద్ధపు ఆటకు కొత్త భాగం వచ్చిందని విని, మిత్రుడి దగ్గర చేబదులు తీసుకుని, సిస్టమ్ ఖాళీ అయ్యేదాకా మెట్ల మీద కూర్చుని, తీరా మొదలుపెట్టిన అరగంటకు "దీనికోసమా?" అనిపించే చిత్తవృత్తి. ఇందులో "ఏళ్ల తరబడి" అన్న విశేషణం తీసేస్తే అతివ్యాప్తి దోషం వస్తుంది. ఏ చెత్త ఆట చూసి ఎవడు విసుక్కున్నా ఇందులోకి దూరిపోతాడు. "చేబదులు" అన్నది తీసేసినా లక్షణం చెడదు. ఆ పైకం ఇంకా తీర్చలేదు కాబట్టి గుర్తుకోసం ఉంచాను.

శాస్త్రమన్నాక అనుబంధ చతుష్టయం చెప్పకుండా ముందుకు పోకూడదు. విషయం: 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' మూడో భాగం. 1997లో మొదటిది, 1999లో రెండోది, 2005లో మూడోది వచ్చాయి. మూడూ అమెరికాలో డాలస్ దగ్గరి ఎన్‌సెంబుల్ స్టూడియోస్ వాళ్లు చేసినవే. అధికారి: రెండో భాగాన్ని ల్యాన్‌లో ఆడినవాడు, 11 అంకె కొట్టి పక్క సిస్టమ్ వాడికి ఆ వికటాట్టహాసం వినిపించినవాడు, హాస్టల్ మెస్ మూసేశారని తెలిసి కూడా లేవనివాడు. సంబంధం: మామూలు శాస్త్రాల్లో బోధ్య బోధక సంబంధం ఉంటుంది, ఇందులో ఉన్నది బాధ్య బాధక సంబంధం. ప్రయోజనం: ఉస్మానియా విశ్వవిద్యాలయానికి కూతవేటు దూరంలో కూర్చుని రాస్తున్న గ్రంథాన్ని ప్రయోజనం అడగడం మర్యాద కాదు.

ఇక పూర్వపక్షం. "తెలుగువాడికి ఉత్తరభాగాలు కొత్తా? నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలితే తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన ఖాళీని ఎర్రన వచ్చి పూరించాడు. ఎవరైనా వైరాగ్యంలో పడ్డారా?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. జవాబు ఆ విరాటపర్వంలోనే ఉంది. తిక్కన భీముడి చేతికి గరిటె ఇచ్చాడు, అర్జునుణ్ణి నాట్యం నేర్పే బృహన్నలను చేశాడు. కానీ ఆయుధాలను జమ్మిచెట్టు మీద భద్రంగా కట్టిపెట్టించాడు. సమయం వచ్చినప్పుడు దించుకున్నారు. చెట్టు మీద దాచడం వేరు, పీకి పారెయ్యడం వేరు. మూడో భాగంలో జరిగింది రెండోది.

ఏం పీకారో చెబుతాను. పాత ఆటలో సంపద నాలుగు రకాలు: ఆహారం, కలప, బంగారం, రాయి. కోట కట్టాలంటే 650 రాయి కావాలి. అందుకోసం ఊరవతల గుట్ట దగ్గర మనుషుల్ని పెట్టి, వాళ్లకు కాపలా పెట్టి, ఆ కాపలావాళ్లకు తిండి చూసి, ఇంతలో పక్కవాడు ఏనుగులతో వచ్చిపడతాడేమోనని హడలిపోతూ ఉండాలి. ఒంటరిగా ఆడేవాడికి దగ్గరిదారి ఒకటుండేది. "రాక్ ఆన్" అని టైప్ చేస్తే వెయ్యి రాయి ఒళ్లో పడేది. సెమిస్టర్ సూత్రాల్లో ఒక్కటీ రానివాళ్లకు కూడా మా హాస్టల్లో ఈ మంత్రం నోటికి వచ్చు. మూడో భాగంలో ఆహారం ఉంది, కలప ఉంది, బంగారం నాణేలుగా మారింది. రాయి లేదు. మా నల్గొండ మిత్రుడు తెర నాలుగు మూలలా మౌస్ తిప్పి వెతికాడు.

"ఏం కాకా, రాయి ఏడ పోయింది?"

"కింద ఉంటది సూడు."

"కింద గూడ లేదురా."

లేనిది లేదని మనిషికి ఎలా తెలుస్తుంది? ఇది చిన్న ప్రశ్న కాదు. నేల మీద కుండ లేకపోవడం కంటికే కనిపిస్తుందని నైయాయికులు, కాదు, అందుకు అనుపలబ్ధి అనే వేరే ప్రమాణం ఉందని భాట్ట మీమాంసకులు తరతరాలు వాదించుకున్నారు. గంటకు 20 రూపాయల చొప్పున కట్టిన మాకు ఆ వివాదం ఆ సాయంత్రమే తేలిపోయింది. కంటికి కనిపించలేదు, కడుపులో తెలిసింది. మీమాంసకులదే గెలుపు.

పోతే ఇది ఏ రకం అభావం? తార్కికులు నాలుగు చెప్పారు. ఇంకా పుట్టని వస్తువుకు ప్రాగభావం. ఒకచోట మూడు కాలాల్లోనూ లేనిదానికి అత్యంతాభావం. ఇది అది కాదనేది అన్యోన్యాభావం. ఉండి నశించినదానికి ప్రధ్వంసాభావం. మన రాయిది చివరిది. ఇందులో ఒక మెలిక ఉంది, దీన్ని పాఠకులు మనసులో పెట్టుకోవాలి. ప్రధ్వంసాభావానికి మొదలు ఉంటుంది గాని తుది ఉండదు. పగిలిన కుండ మళ్లీ పుట్టదు. ముందు ముందు దీనితో పని పడుతుంది.

ఈ బాధ భూగోళంలో ఇంకెక్కడి ఆటగాడికైనా కలగవచ్చు. కానీ తార్నాక పక్కనే ఉన్న హబ్సిగూడలో కలిగినంత న్యాయంగా మరెక్కడా కలగదు. ఈ ఊరు నిలబడిందే రాతి మీద. బోరు వేయించిన ప్రతి ఇంటాయనకూ అడుగుకింత చొప్పున ఆ సంగతి తెలుసు. 1961 నుంచి రాళ్లనూ భూమి కడుపునూ చదవడమే పనిగా జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇక్కడే ఉంది. రోడ్డు పట్టుకుని వెళ్తే 1939 నాటి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ, నిలువెత్తు గ్రానైట్. ఆ మెట్ల మీద కూర్చుని మేము చర్చించింది ఏమిటంటే, ఇక నుంచి గోడ కట్టాలన్నా కలపే కావాలని. కోటనైతే కట్టనే అక్కర్లేదు. సొంత దేశం నుంచి సరంజామాతో బండి వచ్చేస్తుంది, నచ్చినచోట దించుకోవడమే. పార్సిల్ కోట అన్నమాట.

దీనికి ఎదుటిపక్షం దగ్గర ఒక గట్టి వాదం ఉంది. అది చరిత్ర చదివినవాళ్ల వాదం, మా హాస్టల్లో హిస్టరీ సీనియర్ ఒకరు వినిపించారు. రెండో భాగం మధ్యయుగాల కథ. మూడోది కొలంబస్ తర్వాతి మూడున్నర శతాబ్దాల కథ. ఫిరంగులు వచ్చాక రాతికోటల పని అయిపోయింది, అందుకే రాయి తీసేశారు, తప్పేముంది తమ్ముడూ అని.

అన్నా, గోల్కొండ మాటేమిటి? 1687లో ఔరంగజేబు ఫిరంగులన్నీ వేసుకుని వచ్చి ఆ గోడల ముందు ఎనిమిది నెలలు కూర్చున్నాడు. సరిగ్గా మూడో భాగం జరిగే కాలం అది. ఫిరంగులు కాల్చాడు, సొరంగాలు తవ్వించాడు, గోడ లొంగలేదు. చివరికి లోపలివాడు ఒకడు డబ్బుకు అమ్ముడుపోయి తలుపు తీశాడు. అంటే పదిహేడో శతాబ్దంలో కోటను జయించింది ఫిరంగి కాదు, బంగారం. గోల్కొండకు పదిహేను కిలోమీటర్ల దూరంలో కూర్చున్నవాడికి రాయి పని అయిపోయిందని చెప్పడం అన్యాయం. సీనియర్ అన్న దీనికి జవాబివ్వలేదు. ఆయన ఆ రోజు మా చాయ్ డబ్బులు కూడా కట్టాడు కాబట్టి మేమూ రెట్టించలేదు.

రాయి కన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. నిజానికి ఈ గ్రంథమంతా దానికోసమే. అది మోత. పాత ఆటలో పనివాడు కట్టె కొడతాడు, పది కొట్టగానే ఆపి, ఎత్తుకుని, అడితి దాకా మోసుకొచ్చి పడేసి, మళ్లీ అడవికి వెళతాడు. అడితి దూరమైతే రాజ్యం బీదదవుతుంది. దగ్గరగా కడితే అడవి తరిగేకొద్దీ మళ్లీ దూరమవుతుంది. ఒంటి చక్రం బండి కనిపెట్టుకుంటే కాస్త ఎక్కువ మోస్తారు, కాస్త వేగంగా నడుస్తారు. ఆ బండి వచ్చిన క్షణాన తార్నాక నెట్ సెంటర్లో మా మొహాలు వెలిగిపోయేవి. చక్రం కనిపెట్టిన మొదటి మానవుడికి కూడా అంత ఆనందం కలిగి ఉండదు. పరిపాలన అంటే అడవికీ ఇంటికీ మధ్య దూరం తెలియడమని ఆ ఆట మాకు నేర్పింది. మూడో భాగంలో మోత లేదు. చెట్టును కొడుతుంటే కలప గాలిలోనే ఖజానాకు చేరుతుంది. మిల్లు చుట్టూ మనుషుల్ని నిలబెడితే తిండి వస్తూనే ఉంటుంది, తరగని అక్షయపాత్ర. అడవి ఎక్కడ ఉన్నా ఒకటే, ఇల్లు ఎక్కడ ఉన్నా ఒకటే. దూరం చచ్చిపోయింది.

ఆ ఏడు మా హాస్టల్లో మోటారు కాలిపోయి మూడో అంతస్తుకు బకెట్లతో నీళ్లు మోసుకున్నాం. మా మోత మాకు ఉంది, తెర మీద వాడికి లేదు. ఒళ్లు మండదా?

పాత ఆటను మరీ నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి, అందులోనూ లోపాలున్నాయి. 50 ఆహారం ఇస్తే ఒక మనిషి పుడతాడు. ఆ తరువాత జన్మలో మెతుకు ముట్టడు. తార్నాక చౌరస్తా పక్కనే జాతీయ పోషకాహార సంస్థను పెట్టుకుని మేము ఈ దారుణాన్ని ఏళ్ల తరబడి చూస్తూ ఊరుకున్నాం.

మూడో భాగానికి 2007లో ఆసియా అనుబంధం వచ్చి, అందులో భారతీయుల్ని చేర్చారు. ఆశగా చూశాం. అందులో భారతీయ పనివాడు పుట్టాలంటే ఆహారం అక్కర్లేదు, కలప కావాలి. కలపతో మనిషి తయారవడం కొండపల్లిలో తప్ప నేనెక్కడా చూడలేదు. వాళ్లు కూడా పొణికి కర్ర వాడతారు, ఏ కర్ర పడితే అది వాడరు.

ఇక మూడో భాగంలో ఆ పార్సిళ్లు పంపే సొంత నగరం సంగతి క్లుప్తంగా. ఆడేకొద్దీ ఆ నగరం స్థాయి పెరుగుతుంది, పెరిగేకొద్దీ మంచి మంచి పార్సిళ్లు వస్తాయి. కానీ ఆ నగరం ఏ కంప్యూటర్లో ఆడితే అందులోనే ఉంటుంది. నేను సిస్టమ్ నంబర్ 4లో మూడు వారాలు కష్టపడి ఒక లండన్‌ను పెంచాను. మర్నాడు వెళ్లేసరికి ఇంటర్ పిల్లాడొకడు అందులో కూర్చుని రైల్వే రిజల్ట్ చూసుకుంటున్నాడు. "తమ్మీ, జర లేస్తవా, లోపల నా లండన్ ఉంది" అని మనిషి అడగగలడా? అడిగాను. వాడు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తరువాత ఒక శుక్రవారం సెంటర్ వాళ్లు సిస్టములన్నీ ఫార్మాట్ కొట్టారు. లండన్ పోయింది. 2020లో వచ్చిన కొత్త కూర్పులో పార్సిళ్లన్నీ మొదటినుంచే ఇచ్చేశారు. అంటే తప్పు ఒప్పుకున్నట్టే. పద్నాలుగేళ్లు పట్టింది.

ఇక నాలుగో భాగం. 2021లో వేరే స్టూడియో వాళ్లు తీశారు, ఇందులో రాయి మళ్లీ వచ్చింది, మోత కూడా వచ్చింది. మిత్రులు ఫోన్లు చేశారు: "కాకా, రాయొచ్చింది!" అందుకే ఇందాక మనసులో పెట్టుకోమన్నది. ప్రధ్వంసాభావానికి తుది లేదు. కాబట్టి వచ్చిన రాయి ఆ రాయి కాదు. పోలిన రాయి. అయితే ఇందులో ఒక్క విషయానికి చేతులెత్తి దండం పెట్టాను. ఢిల్లీ సుల్తానుల పక్షం తీసుకుంటే ఏ పరిశోధనకూ పైసా ఖర్చుండదు. కాకపోతే ఎంతకీ తెమలదు. మసీదులో స్కాలర్లను పోగేసేకొద్దీ కొంచెం కదులుతుంది. ఈ నియమం రాసినవాడు ఉస్మానియా ఎన్‌సీసీ గేటు దగ్గర ఎప్పుడో ఒక ఏడాది ఉండి ఉంటాడని నా అనుమానం. నా పీహెచ్‌డీకి ఎనిమిదేళ్లు పట్టింది.

రెండో భాగం మాత్రం చావలేదు. 2019లో కొత్త మెరుగులు దిద్దుకుంది, 2022లో ద్రావిడులు వచ్చారు. రాజేంద్ర చోళుడి దండయాత్ర ఉంది. కాకతీయులకు వేరే పీఠం ఇవ్వలేదు. రుద్రమదేవి వైపు నుంచి ఒక వినతిపత్రం రాయాల్సి ఉంది. అదే ఏడాది జర్మనీలో హైడెల్‌బర్గ్ కోటలో, అదీ నిజమైన రాతికోటలో, పెద్ద పోటీ పెట్టి ఒకటి, రెండు, నాలుగు భాగాలు ఆడించారు. మూడు లేదు. అనుపలబ్ధి ప్రమాణం మరోసారి పని చేసింది.

సిద్ధాంతం ఇంతే. 2006లో ఆ సాయంత్రం ఆరున్నరకు పుట్టిన వైరాగ్యం ఎనిమిదింటిదాకా నిలిచింది. జీవితంలో ఇంకెప్పుడూ కంప్యూటర్ ముట్టనని నల్గొండ మిత్రుడు, నేను, ఇద్దరం ఒట్టు పెట్టుకుని మెట్లు దిగాం. తార్నాక చౌరస్తాలో చాయ్ తాగాం. మళ్లీ మెట్లెక్కి రెండో భాగం పెట్టించుకున్నాం. అప్పుడు ఓడిపోయింది నేనే.

ఇప్పటికీ ఆదివారాలు పొద్దున పదింటికి హబ్సిగూడ ఎనిమిదో వీధిలో మా డాబా మీద ఆట ఉంటుంది. ఆరుగురం ఉన్నాం, పాత ఆటకు ఎనిమిది మంది పడతారు. ల్యాప్‌టాప్ మీరే తెచ్చుకోవాలి, చాయ్ మేమిస్తాం. ఏనుగులు నావి.